రేపటి మీద మనకెంత హక్కు?

మన ఆశ్రమ పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల గోడల మీద ఈమధ్య ఒక చార్టు తప్పకుండా కనిపిస్తోంది. పైన ‘నా లక్ష్యం’ అని రంగు స్కెచ్‌తో రాసి ఉంటుంది. కింద వరసగా పిల్లల పేర్లు, పేరు పక్కన నర్సు, టీచరు, ఎస్.ఐ., కలెక్టరు. కొన్ని బడుల్లో ఏ ఏడాదికి ఏ చదువు పూర్తిచేస్తారో కూడా గీతలు గీసి పెట్టారు. మంచి పని. మా తరంలో కొండ మీది పిల్లవాణ్ణి ‘పెద్దయ్యాక ఏమవుతావురా’ అని అడిగే తీరిక ఎవరికీ లేదు. పశువుల వెంట వెళ్తావా, బడికి వెళ్తావా అన్నదొక్కటే ప్రశ్న.

ఆ పిల్లలే సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి ‘నేను నర్సునవుతాను’ అంటే అవ్వ ‘అలాగేనమ్మా, తల్లి చల్లగా చూస్తే’ అంటుంది. చర్చికి వెళ్ళే ఇంట్లో ‘ప్రభువు చిత్తమైతే’ అంటారు. ఈ రెండూ కాని ఇంట్లో ‘బతికి బాగుంటే చూద్దాం’ అంటారు. మాట ఏదైనా, రేపటి గురించి చెప్పే ప్రతి మాట చివరా పెద్దవాళ్ళు ఒక ‘అయితే’ తగిలిస్తారు. చదువుకున్న పిల్లలకు అది చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. ‘మీరిలా అయితే, చూస్తే అనుకుంటూ కూర్చోబట్టే మనం ఇక్కడే ఉండిపోయాం’ అని ఒక డిగ్రీ కుర్రాడు వాళ్ళ నాన్నతో అనగా విన్నాను. ఆ నాన్న జవాబు చెప్పలేదు. వెదురు చీలుస్తూ ఉన్నాడు, చీలుస్తూనే ఉన్నాడు.

ఆ తండ్రీకొడుకుల్లో ఎవరిది సరైన మాట? ఇద్దరికీ చెరో సగం ఇచ్చి తప్పుకోవడం తేలిక. కానీ ఎవరికి ఏ సగం చెందుతుందో తేల్చుకోకపోతే మన పిల్లలకు అది చాలా ఖరీదైన వ్యవహారం అవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు కొడుకు పక్షం చూద్దాం. దేవుడి పేరు పెట్టి మన మీద రుద్దినవి తక్కువేమీ కాదు. షావుకారు వడ్డీ లెక్క అర్థం కాకపోతే ‘మీ రాత’ అన్నారు. భూమి చేజారితే ‘ప్రాప్తం లేదు’ అన్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. చట్టం వచ్చినా, ప్రాప్తం లేదనుకుని ఇంట్లో కూర్చున్నవాడికి అది కాగితంగానే మిగిలింది. అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికే ఎంతో కొంత అక్కరకొచ్చింది. గెడ్డ పొంగి, రోడ్డు లేక, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకెళ్తుంటే దారిలో ప్రాణం పోయిందనుకోండి. ‘దేవుడు అంతే రాశాడు’ అని ఎవరైనా అంటే, అది ఆ దేవుడి మీద వేసే నింద. రోడ్డు వేయకపోవడం మనుషుల పని. దాన్ని ఆకాశం మీదకు నెట్టేస్తే కింద ఉన్నవాళ్ళెవరూ జవాబు చెప్పక్కర్లేదు కదా!

కాబట్టి దేవుడి ముందు తల వంచడం వేరు, ఆఫీసరు ముందు, షావుకారు ముందు తల వంచడం వేరు. మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని మనచేత రెండోది చేయించారు. ఆ కుర్రాడికి కోపం వచ్చింది ఈ రెండోదాని మీద. అది న్యాయమైన కోపమే. కానీ అతను మొదటిదాన్ని కూడా అదే గంపలో వేసి గెడ్డలో పారబోస్తున్నాడు. అక్కడే నాకు పేచీ ఉంది.

ఎందుకంటే, ‘అయితే’ అనే ఆ పెద్దవాళ్ళు ప్లాను వేయనివాళ్ళు కారు. వాళ్ళు వేసిన ప్లాను మనకు కనబడదు, అంతే. అది గోడ మీద ఉండదు, కొండ మీద ఉంటుంది.

పోడు చెలకను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో ఒక్క పంట ఎప్పుడైనా చూశారా? సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, అలసంద. అన్నీ ఒకే చెలకలో, ఒకదాని సందున ఒకటి. మైదానం నుంచి వచ్చినవాళ్ళు దాన్ని చూసి ‘వీళ్ళకు వ్యవసాయం తెలీదు, దొరికింది చల్లేశారు’ అని నవ్వుకునేవారు. లోపలి లెక్క వేరు. వాన తొందరగా ఆగిపోతే సామ చేతికి వస్తుంది. ఆలస్యంగా వచ్చి నిలబడితే జొన్న వస్తుంది. రెండూ దెబ్బతింటే, వేరు లోతుకు దింపుకున్న కంది చలికాలంలో నిలబడుతుంది. ఏ ఏడాది ఏది వస్తుందో మా తాతకు తెలియదు. తెలియదని ఆయనకు తెలుసు. ఆ ‘తెలియదు’ను లెక్కలోకి తీసుకునే విత్తనం వేశాడు. అన్నీ తెలుసనుకున్నవాడు ఒకే పంట వేస్తాడు, దాని మీదే అప్పు కూడా తెస్తాడు.

వినయం అనే మాటకు నాకు తెలిసిన మంచి అర్థం ఇదే. చేతులు కట్టుకుని నిలబడటం గానీ గొంతు తగ్గించడం గానీ కాదు. రేపు నా చేతిలో లేదని ఒప్పుకుని, ఆ ఒప్పుకోలుకు తగ్గట్టు ఈరోజు పనిచేయడం.

పాడేరు వైపు ఊళ్ళలో చైత్రంలో ఇటుకల పండుగ చేస్తారు. ఇంటింటి నుంచీ విత్తనాలు తెచ్చి ఊరి దేవత ముందు పెడతారు. పూజారి పూజ చేసి వాటిని తిరిగి అందరికీ పంచుతాడు. ఆ తర్వాతే దుక్కి, చల్లకం. గోదావరి ఒడ్డు కోయవాళ్ళకూ విత్తనాల పండుగ ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం గనుక మనకు వింతగా అనిపించదు గానీ, కాస్త ఆగి ఆలోచించండి. విత్తనం అంటే ఇంటికి రాబోయే ఏడాది మొత్తం. దాన్ని తన గాదెలోంచి తీసి ముందు దేవుడి ముందు, ఊరి ముందు పెట్టడమంటే ఏమిటి? ఈ ఏడాది పూర్తిగా నాది కాదు అని చెప్పడమే. తిరిగి చేతికి వచ్చినప్పుడు అది తన విత్తనమే కావచ్చు, పక్కింటివాడిది కలిసి ఉండవచ్చు. ఇక ఒకడి చెలక ఎండిపోతే అది వాడి ఒక్కడి సంగతి అవుతుందా?

పంట చేతికొచ్చాక కూడా ఇదే తీరు. భాద్రపదంలో కొర్రకొత్త అయ్యేదాకా కొత్త కొర్ర ముట్టరు. మామిడికీ కొత్త ఉంది. పండిందీ మనదే, కోసిందీ మనమే. అయినా ముందు దేవుడికి, పితృలకు పెట్టి, ఊరంతా కలిసి తిన్న తర్వాతే ఇంట్లో కుండెక్కుతుంది. కాయ పూర్తిగా ముదిరి టెంక గట్టిపడేదాకా ఎవరూ కోయకుండా ఉండటానికి పెద్దవాళ్ళు పెట్టిన నియమమని చదువుకున్నవాళ్ళు చెబుతారు. కావచ్చు. కానీ ఆకలితో ఉన్నవాడు చెట్టు కింద నిలబడి కూడా ఆగడానికి ఆ లెక్క ఒక్కటే చాలదు. ‘ఇది ముందు నాది కాదు’ అన్న భయభక్తి ఉంటేనే చేయి ఆగుతుంది.

ఇక కాఫీ సంగతి. ఈనాటి మన యువతకు పోడు కన్నా కాఫీయే దగ్గరి ఉదాహరణ.

కాఫీ తోట వేయడమంటే రేపటి మీద పెద్ద పందెం కాయడం. ముందు నీడకు సిల్వర్ ఓక్ మొక్కలు నాటాలి. అవి ఎదగాలి. వాటి కింద కాఫీ మొక్క పెట్టాలి. మూడు నాలుగేళ్ళకు గానీ మొదటి కాపు రాదు. మిరియం తీగ సిల్వర్ ఓక్‌ను పట్టుకుని పైకి పాకడానికి ఇంకొంత కాలం. ఈ లోపు కలుపు, కంచె, కూలి. ఆ ఓపిక మనవాళ్ళు పట్టారు. గిరిజన సహకార సంస్థ, ఐటీడీఏ, కాఫీ బోర్డు చెప్పిన పద్ధతులు నేర్చుకున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ‘వీళ్ళకు ముందుచూపు లేదు’ అనేవాళ్ళను మన కొండల మీది కాఫీ తోటలో ఒకసారి నడవమనండి.

అలాంటి తోటల మీదకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. తీరంలో విశాఖపట్నాన్ని కొట్టి, అదే ఊపులో కొండెక్కింది. అది కాఫీ కాయ ఎర్రబారడానికి దగ్గరపడిన సమయం. ఇంకొన్ని వారాలాగితే కోత. పొడుగ్గా పెరిగిన సిల్వర్ ఓక్‌లు కూకటివేళ్ళతో లేచి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడ ఇవ్వడానికి ఎవరు ఏళ్ళ తరబడి పెంచారో, ఆ చెట్లే వాళ్ళ తోటను నలిపేశాయి. పదేళ్ళ ముందుచూపు, ఒక్క రోజు గాలి.

అప్పుడు మా వైపు రెండు రకాల మాటలు విన్నాను. ‘ఏం చేసినా ఇంతే, ఇక తోట వద్దు’ అన్నవాళ్ళున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రెండో రకం మాట ఒక పెద్దాయనది. పడిన చెట్టు పక్కనే గొయ్యి తవ్వుతుంటే, మళ్ళీ గాలి వస్తేనో అని ఎవరో అడిగారు. ‘వస్తే వస్తుంది. గాలి నాతో చెప్పి రాదు. మొక్క మాత్రం నేను పెడితేనే ఉంటుంది’ అన్నాడు. ఆయన కింద ఒక మడిలో పసుపు, ఇంకో చెక్కలో చోడి ఎప్పుడూ వదలలేదు. తోట పడిపోయిన ఏడాది ఆ ఇంట్లో అంబలికి లోటు రాలేదు. ఆ కొత్త సిల్వర్ ఓక్ కింద మిరియాలు కోసేది తానో కాదో ఆయనకే తెలియదు. తెలియకుండానే నాటాడు.

దేవుడి మీద నమ్మకం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ గొయ్యిని చూపిస్తాను. ‘నేను అనుకున్నది దేవుడు తప్పక చేస్తాడు’ అని ఆయన అనుకోలేదు. అలా అనుకోవడం నమ్మకం కాదు, దేవుడికి పని పురమాయించడం. నాటడం వరకు నాది, ఆ తర్వాతిది నాది కాదు, నాది కానిది కూడా ఒక మంచి చేతిలోనే ఉంది. ఆయన నమ్మకం అంతవరకే. అది చాలా తక్కువగా కనిపిస్తుంది. కానీ పడిపోయిన చెట్టు పక్కన మళ్ళీ గునపం ఎత్తడానికి ఆ కొంచెమే సరిపోయింది. తోట వచ్చి తీరుతుందన్న పూచీ మీద నాటినవాడైతే మొదటి గాలికే గునపం దించేసేవాడు.

తుపానంత పెద్దదే రానక్కర్లేదు. 2025లో అరకు ప్రాంతం తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. నువ్వు గింజంత ఉంటుంది. అది ఇంకా పాకకుండా ఉండాలని, కాసిన కాయల్ని కాసినట్టే దూసి నాశనం చేయాల్సి వచ్చింది. ఇంతటి ముందుచూపునూ అంతటి పురుగు ఆపగలదు. దీన్నిబట్టి ముందుచూపు దండగ అని నేను అనడం లేదు. ఆ పురుగును మొదట్లోనే పసిగట్టి పక్క తోటలవాళ్ళకు చెప్పినవాళ్ళది కూడా ముందుచూపే. తన తోటలో పురుగు ఉందని బయటికి చెబితే పరువు పోతుందనుకునేవాడు ఊరంతటినీ ముంచుతాడు. అక్కడ కూడా అక్కరకొచ్చేది వినయమే.

ఇప్పుడు చదువుకున్న పిల్లల దగ్గరికి వద్దాం. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో జి.ఓ. నంబరు 3 వచ్చింది. ఇరవై ఏళ్ళ పాటు మన ఇళ్ళలో ఎన్నో బతుకులు ఆ కాగితం చుట్టూ అల్లుకున్నాయి. పొలం తాకట్టు పెట్టి డి.ఎడ్. చదివించిన తండ్రులున్నారు. పెళ్ళి వాయిదా వేసుకుని డీఎస్సీకి కూర్చున్న ఆడపిల్లలున్నారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జి.ఓ. చెల్లదంది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలకు షరతులతో రక్షణ ఇచ్చింది గానీ, చదువుతూ ఉన్నవాళ్ళ లెక్క మాత్రం ఒక్కసారిగా తలకిందులైంది. అది కరోనా లాక్‌డౌన్ కాలం. రోడ్డెక్కి గట్టిగా అరవడానికి కూడా వీల్లేని రోజులు.

ఇక్కడ రెండు విషయాలు విడివిడిగా చూడాలి. మొదటిది: కోర్టు తీర్పు దేవుడి తీర్పు కాదు. దాన్ని దేవుడి చిత్తంగా తీసుకుని మౌనంగా ఉండమని చెప్పేవాడు మనకు వినయం నేర్పడం లేదు. చట్టం కోసం అడగాలి, సంఘాలుగా కూడాలి, అర్జీలు పెట్టాలి. అది ఆ రోజూ చేశారు, ఈ రోజూ చేస్తున్నారు. రెండోది అంత గట్టిగా బయటికి వినబడదు. ఆ జి.ఓ. పోయిన నాడు ‘ఇక నేను ఎందుకూ పనికిరాను’ అనుకున్న పిల్లలున్నారు చూడండి, నా భయమంతా వాళ్ళ గురించి. టీచరు కావాలన్నది ఒక మంచి ఆశ. ఎక్కడో ఒకచోట ఆ ఆశ పెరిగి పెరిగి, అదే తానై కూర్చుంది. అది పడిపోతే తానూ పడిపోయినట్టే.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు వేయడంలో తప్పులు జరిగాయని తర్వాత బయటపడింది. తప్పు ఎవరిదన్నది తేలాల్సిందే. తేలినా ఆ పిల్లలు రారు. ఆ వయసులో ఒక మార్కుల కాగితం తన ప్రాణం కన్నా పెద్దదని వాళ్ళకు ఎవరు చెప్పారు? ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండరు. ‘లక్ష్యం, లక్ష్యం’ అని ఇంట్లో, బడిలో, ఫోనులో రోజూ వినిపిస్తూ, దానికి పైన ఇంకేమీ లేదన్నట్టు అందరం ప్రవర్తిస్తే పిల్లలకు అలాగే అర్థమవుతుంది. లక్ష్యాన్ని దేవుడి స్థానంలో కూర్చోబెడితే అది కూడా బలి అడుగుతుంది. మన ఊరి దేవతలు కోడితో సరిపెట్టుకుంటారు.

అవ్వ తగిలించే ‘అయితే’ ఇక్కడ ఎంత పనిచేస్తుందో చూడండి. ‘నర్సువవుతావులే, తల్లి చల్లగా చూస్తే’ అన్నప్పుడు ఆమె మనవరాలి ఆశకు అడ్డుపడటం లేదు. ఆ ఆశ మీద ఉన్న బరువులో సగం తీసి పక్కన పెడుతోంది. అయితే సంతోషం. కాకపోతే ఆ సగం నీ తప్పు కాదు, నువ్వు నా మనవరాలివే. ఇన్ని మాటలు ఆమెకు రావు. ‘చూస్తే’ అన్న ఒక్క ముక్కలో అన్నీ ఉన్నాయి.

నమ్మకం పేరుతో నడిచే వేరే వ్యాపారం గురించి కూడా ఒక మాట అనాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. మంచిరోజు చూడమని దిసారి దగ్గరికి వెళ్ళడం మన ఆచారం. అందులో తప్పు లేదు. పదిమందీ ఒకే రోజు పని మొదలుపెట్టడానికి అది ఉపయోగపడుతుంది. కానీ ‘పోస్టు వస్తుందా రాదా, కచ్చితంగా చెప్పు’ అని మేక ఖర్చు పెట్టడం, ఇన్ని వారాలు ఉపవాసముంటే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే ప్రార్థన కూటాలకు బస్సు కట్టించుకుని వెళ్ళడం, ఈ రెండూ ఒక్కటే. రెండింటిలోనూ మనిషి అడుగుతున్నది దేవుణ్ణి కాదు, రసీదుని. రసీదు చేతిలో ఉన్నవాడికి నమ్మకంతో పనేముంది?

దేవుణ్ణే నమ్మని మాస్టార్లు మనలో ఉన్నారు. ‘ఇదంతా మాకెందుకు’ అని వారు అడగవచ్చు. దేవుడనే మాట వారికి ఇబ్బందిగా ఉంటే కొండ అనుకోమనండి, వాన అనుకోమనండి, మన లెక్కకు లొంగనిది ఒకటుందని ఒప్పుకుంటే నాకు ప్రస్తుతానికి చాలు. నాకు మాత్రం అది దేవుడే. గాలి మీద, గెడ్డ మీద కోపం తెచ్చుకోగలను గానీ వాటిని నమ్ముకుని నిద్రపోలేను. రేపటిని ఎవరి చేతిలోనైనా పెట్టి పడుకోవాలంటే, ఆ చేతికి మన మీద దయ ఉండాలి. ఇది వాదించి గెలిచే సంగతి కాదని నాకూ తెలుసు.

మళ్ళీ ఆ డోలీ సంగతికే వస్తాను, ఎందుకంటే అక్కడ ఈ రెండు సగాలూ కలిసిన చోటు ఒకటి చూపించాలి. సాలూరులో ఐటీడీఏ వారు గర్భిణుల వసతి గృహం పెట్టారు. కొండ మీది ఊళ్ళ గర్భిణులు నెలలు నిండకముందే దిగివచ్చి, కాన్పు దగ్గరపడేదాకా ఆసుపత్రికి అందుబాటులో అక్కడే ఉండవచ్చు. మొదట్లో ఇలాంటిచోట్లకు రావడానికి చాలామంది జంకుతారు. ఇల్లు, పిల్లలు, పశువులు. ‘దేవుడున్నాడు, ఇంట్లోనే అవుతుంది, మా అమ్మకు కాలేదా’ అంటారు. ఇంకోపక్క, ‘డేటు ఇచ్చారు కదా, ఆ రోజుకు దిగుతాం’ అంటారు మరికొందరు. ఒకరు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారు, ఇంకొకరు డాక్టరు రాసిన తేదీని. ఇద్దరూ రేపు తమకు తెలుసనే అనుకుంటున్నారు.

నెల ముందే మూట కట్టుకుని దిగివచ్చే ఆడమనిషిని చూడండి. నొప్పులు ఏ రాత్రి వస్తాయో ఆమెకు తెలియదు. ఆ రాత్రి గెడ్డ పొంగుతుందో లేదో తెలియదు. మోయడానికి ఊళ్ళో మగవాళ్ళుంటారో సంతకు పోతారో తెలియదు. తెలియదు గనుకే ముందే వచ్చింది. కొండ దిగేముందు ఊరి దేవత దగ్గర దండం పెట్టుకునే వచ్చింది. ఆ దండానికీ ఈ మూటకూ మధ్య ఆమెకు ఏ తగవూ కనిపించలేదు. తగవు పెట్టుకున్నది ఆ వెదురు చీల్చే తండ్రి, ఆ డిగ్రీ కొడుకు. ఒకవేళ ఆ కొడుకు ఇది చదివితే అతనికి ఒక్కమాట. తమ్ముడూ, నీ ప్లాను నువ్వు వెయ్యి, గట్టిగా వెయ్యి. నీ అర్జీ నువ్వే రాయి, సంతకం నువ్వే పెట్టు. మీ నాన్న ‘అయితే’ను మాత్రం కొట్టెయ్యకు. ఆ వెదురుతో ఆయన అల్లేది ఏమిటో కూడా అడుగు. గాదె అయి ఉండవచ్చు. ఇంకా పండని పంటకు ముందే గాదె అల్లేవాణ్ణి ముందుచూపు లేనివాడని ఎలా అంటాం?

మాస్టార్లకు ఒక మనవి ఉంది. ఆ ‘నా లక్ష్యం’ చార్టు తీసేయవద్దు. దాని పక్కన చిన్న చోటు మాత్రం వదలండి. నర్సు అని రాసిన అమ్మాయిని ‘ఏ ఊళ్ళో, ఎవరికి?’ అని అడగండి. ‘ఈ ఏడాది సీటు రాకపోతే ఏం చేస్తావు, అప్పుడు ఎవరితో మాట్లాడతావు?’ అని అడగండి. సీటు రాకపోవడం అనే మాటను పరీక్షకు ముందే, నవ్వుతూ, మామూలుగా, తరగతిలో అందరి ముందూ పలకండి. అపశకునం అనుకోకండి. పొడుగు ఉపన్యాసాలు వద్దు. ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చిన రోజు మాత్రం ఫెయిలైన పిల్లల ఇళ్ళకు ముందు వెళ్ళండి, ర్యాంకు వచ్చినవాళ్ళ ఇంటికి తర్వాత వెళ్ళవచ్చు. వాళ్ళు మిఠాయి దాచి ఉంచుతారు.

ఇంకొకటి కూడా చేయవచ్చు, ఖర్చు లేనిది. ఏడాదికి ఒకరోజు ఊరి ముసలమ్మల్ని బడికి పిలిచి, వాళ్ళు చూసిన కరువు సంవత్సరాల గురించి చెప్పించండి. పంట పోయిన ఏడాది ఏ దుంప తవ్వారు, ఎవరింటి నుంచి ఎంత గింజ వచ్చింది, మళ్ళీ ఎప్పుడు తీర్చారు, విత్తనానికని పొయ్యి మీద పొగలో కట్టిన మూటను ఆకలేసినా ఎందుకు విప్పలేదు. పిల్లల్ని రాసుకోమనండి. మామిడి టెంకలు పగలగొట్టి, జీడి తీసి, చేదు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, ఆ పిండితో జావ ఎలా కాసేవారో కూడా అడగమనండి. కాయడం ఇంకా వచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురున్నారు.